కోఠిలో చీమలపుట్ట

బ్యాంక్ స్ట్రీట్ పక్క సందు, మెట్ల కింద
నా కుర్చీ, అక్షరాలు చెరిగిన కీబోర్డు, రెండు జిరాక్స్ మిషన్లు.
అఫిడవిట్లు, అర్జీలు, ఇంజనీరింగ్ పిల్లలు ఆఖరిరోజు తెచ్చే రికార్డులు.
తెలుగైతే పేజీకి ముప్ఫై.
ప్రింటరు దగ్గి దగ్గి ఒక కాగితం కక్కేలోపు
వెనక ట్యాబ్‌లో నా పుట్ట.

ఏం లేదు అందులో.
మట్టిరంగు పుట్ట. దాని మీద నొక్కితే
ఒక చీమ బయటికొచ్చి ఒక పంచదార పలుకు మోసుకుపోతుంది.
మళ్ళీ నొక్కితే మళ్ళీ ఒకటి.
వేలు పెట్టినా కుట్టని పుట్ట
ఈ ఊళ్ళో ఇదొక్కటే చూశాను.

పదిహేను పలుకులకు ఒక కూలిచీమ దొరుకుతుంది.
రెండొందలకు మేస్త్రీచీమ.
ఆ తర్వాత మనం నొక్కక్కర్లేదు, చూస్తే చాలు.
కొన్నాళ్ళకు చూడనూ అక్కర్లేదు.
రాత్రి షట్టరు దించి, సైదాబాద్ బస్సెక్కి,
గదిలో చప్పుడు చేసే ఫ్యాను కింద నేను పడుకుంటే
పొద్దున కంప్యూటర్ వెయ్యగానే అంటుంది:
"మీరు లేని పదకొండు గంటల్లో
ముప్ఫై రెండు కోట్ల పలుకులు!"

నేను నిద్రపోతుండగా నా పేరున పెరిగినవి
అప్పటిదాకా రెండే,
గది అద్దె, గోళ్ళు.

మునీర్ భాయ్ గల్లాపెట్టె మీంచి తొంగిచూసి
"క్యా మియా, చీనీకా ధందా?" అని నవ్వుతాడు.
నాలుగేళ్ళుగా జీతం అదే ఇస్తున్నవాడు.
నేనూ నవ్వుతాను.
ఈ ఆటలో ఓడిపోవడం లేదు భాయ్, అని చెప్పాలనిపిస్తుంది.
గెలవడమూ లేదని
నాకూ కొంచెం ఆలస్యంగానే తెలిసింది.

ఆ మధ్యాహ్నం చూడామణి టీచర్ వచ్చారు.
లెక్కల టీచరు, రిటైరై ఆరేళ్ళు.
రావలసిన బకాయి నలభై ఒక్క వేల ఆరువందలు.
అదే అర్జీ, పదకొండోసారి. తేదీ మాత్రం మార్చాలి.
ట్యాబ్ మూయడం మర్చిపోయాను.
కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని
తెర మీద వేలుపెట్టి సున్నాలు లెక్కపెట్టారామె,
పిల్లాడి పలక దిద్దుతున్నట్టు.

"పద్మం... మహాపద్మం... క్షోణి... మహాక్షోణి..."
పద్దెనిమిదో సున్నా దగ్గర వేలు ఆగింది.
"శంఖం!"

ప్రింటరు కూడా ఒక్క క్షణం ఊరుకుంది.
"ముప్ఫై మూడేళ్ళు బోర్డు మీద రాసిన బాబూ ఈ పేర్లు,
ఏనాడూ దేన్నీ ఇంత పెద్దగ లెక్కపెట్టే పని పడలే.
ఏందివి?"
"చక్కెర, టీచర్."
"చక్కెరా!"
బోసినోటితో ఎంతసేపు నవ్వారో.

మూలన వెలుగుతున్న ఎర్రమీట చూపించి అదేమిటని అడిగారు.
అది నొక్కితే పోగేసిందంతా పోతుంది టీచర్,
ఒక్క చీమతో మళ్ళీ మొదలు, కాకపోతే
ఈసారి కాస్త వేగంగా పెరుగుతుంది, అన్నాను.
"కొత్త ఆఫీసరొచ్చినప్పుడల్లా
నా ఫైలుకు గదే చేస్తరు.
వేగమొక్కటే పెరగదు."

ముప్ఫై రూపాయలు తీసుకోబోతే
మునీర్ భాయ్ దూరంనుంచే చెయ్యి అడ్డంగా ఊపాడు.
వెళ్ళబోతూ ఆగి, "నేనొకసారి నొక్కొచ్చా?" అన్నారు.
మౌసు ఆమె వైపు జరిపాను.
ఇంకు, సుద్ద, ఎన్ని సంతకాలు తగిలిన వేలో
అది ఒక్కసారి, మెల్లగా, పూర్తిగా దిగింది.
ఒక చీమ వచ్చింది.
అది పుట్టలోకి పోయేదాకా చూసి
అర్జీ మడతపెట్టి సంచిలో వేసుకుని
ఎండలోకి వెళ్ళిపోయారు.

ఎర్రమీట ఇంకా వెలుగుతూనే ఉంది.
నొక్కలేదు నేను.
శంఖం పలుకుల్లో ఒకటి ఆమెది,
ఏదో కనిపెట్టలేను.